తుపాను వెళ్ళిపోయాక మందుపెట్టెకు వచ్చే కరువు

తుపాను తీరం దాటిందన్న వార్త వినగానే మనమందరం రెండు మూడు రోజులపాటు ఆ విషయమే మాట్లాడుకుంటాము. ఎన్ని ఇళ్ళు కూలాయి, ఎన్ని స్తంభాలు పడ్డాయి, ఎందరు ప్రాణాలు కోల్పోయారు అని ఆరా తీస్తాము. చేతనైన సహాయం పంపుతాము. తరువాత ఎవరి పనులలో వారు పడిపోతాము. కాని ఆరు నెలలకో, ఏడాదికో పచారీ దుకాణంలో కొబ్బరినూనె ధర, ఏలకుల ధర విని ఉలిక్కిపడతాము. ఆ ధరకూ, ఎన్నడో మరచిపోయిన ఆ గాలివానకూ సంబంధమున్నదని చాలామందికి తోచదు.

ఓషధులను స్వయంగా ఎంచి, ఎండబెట్టి, దంచి, వండి రోగులకు ఇచ్చే వైద్యునికి మాత్రం ఈ సంబంధం నిత్యానుభవం. గురువుగారి ఇంట ఉండి చదువుకున్న రోజులలో మాకు మొదట నేర్పినది శ్లోకం కాదు, సరుకు చూడటం. పిప్పలిని విరిచి చూడాలి, కరక్కాయను నీటిలో వేసి చూడాలి, ఏ సరుకు ఏ సీమ నుండి ఏ నెలలో వస్తుందో చెప్పగలగాలి. ఆ నెలలో ఆ సరుకు రాలేదంటే అక్కడ ఏదో జరిగిందని అర్థం. అందుచేత దేశంలో ఏ మూల వరద వచ్చినా, దాని ఫలితం కొంతకాలానికి వైద్యుని మందుపెట్టెకు చేరుతుంది. అక్కడి నుండి రోగి వద్దకూ చేరుతుంది.

"ధరలు పెరిగేటట్లున్నాయి, ముందే నాలుగు డబ్బాలు కొని దాచుకోమంటారా?" అని ఇటువంటి సమయాలలో గృహిణులు తరచు అడుగుతారు. ఈ ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు లేదు. వచ్చిన కొరత ఏ రకానిదో ముందు నిర్ణయించుకోవాలి. రోగనిర్ణయం కానిదే చికిత్స లేదు కదా!

చరక సంహితలో ఒక అధ్యాయం

ప్రకృతి వైపరీత్యాల గురించి ఆయుర్వేదం మౌనంగా లేదు. చరక సంహిత విమానస్థానంలోని మూడవ అధ్యాయం పేరు జనపదోద్ధ్వంసనీయం. ఒక ప్రాంతమంతా ఒక్కసారిగా దెబ్బతినడాన్ని గురించి అందులో చర్చ ఉన్నది. మనుషుల ప్రకృతి వేరు, ఆహారం వేరు, బలం వేరు, వయస్సు వేరు. అయినా అందరూ ఒకేసారి ఎందుకు రోగగ్రస్తులవుతారు? గాలి, నీరు, నేల, కాలం అనే నాలుగూ అందరికీ ఉమ్మడివి కావున, అవి చెడితే అందరూ బాధపడతారని సమాధానం.

ఆ అధ్యాయపు ఆరంభంలోనే ఒక విశేషమున్నది. పాంచాల రాజధాని కాంపిల్యంలో, గంగా తీరాన, వేసవి చివరి రోజులలో పునర్వసు ఆత్రేయుడు అగ్నివేశునికి ఒక ఆదేశమిస్తాడు. ప్రకృతిలో వికృత లక్షణాలు కనిపిస్తున్నాయి, త్వరలో భూమి ఓషధులకు తగిన రసవీర్యాలను ఇవ్వలేకపోవచ్చు, కావున అవి సారం కోల్పోకముందే సేకరించి ఉంచండి అని దాని సారాంశం. ఆపద వచ్చాక మందు ఎలా ఇవ్వాలన్న మాట తరువాతది. ముందు మందు ఉండాలి కదా అన్నది ఆ మహర్షి దృష్టి.

అదే అధ్యాయంలో మరొక మాట కూడా ఉన్నది. మనుషులలో దోషాలు ఎలా పుట్టాయో చెబుతూ, సోమరితనం నుండి సంచయం, సంచయం నుండి పరిగ్రహం, పరిగ్రహం నుండి లోభం, ఆ లోభం నుండి ద్రోహం, అసత్యం పుట్టాయని వరుసగా వివరించారు. అంటే రోగుల కొరకు ముందుచూపుతో సేకరించమన్న గ్రంథమే, స్వార్థంతో పోగుచేసుకోవడాన్ని పాపాలకు మొదటి మెట్టుగా చెప్పింది. సేకరణ వేరు, దాపరికం వేరు. నేటి గృహస్థుకు ఈ తేడా తెలియడం అవసరం.

కొరత రెండు విధాలు

శరీరంలో వాతం రెండు కారణాల చేత ప్రకోపిస్తుందని ఆయుర్వేద సిద్ధాంతం. ఒకటి మార్గావరోధం, అంటే దారి మూసుకుపోవడం. రెండవది ధాతుక్షయం, అంటే మూలమే తరిగిపోవడం. బయటికి కనిపించే బాధ ఒకేలా ఉండవచ్చు. చికిత్స మాత్రం వేరు. దారి మూసుకుపోతే అడ్డు తొలగించాలి. ధాతువు తరిగితే ఓపికగా పోషించాలి. దీనికి దానిని, దానికి దీనిని చేస్తే రోగం ముదురుతుంది.

ప్రకృతి వైపరీత్యం తరువాత బజారులో వచ్చే కొరత కూడా సరిగ్గా ఇలాగే రెండు విధాలుగా ఉంటుంది. సరుకు ఎక్కడో ఉన్నది, మన దాకా రాలేకపోతున్నది, ఇది మొదటిది. సరుకు పుట్టే చెట్టే పడిపోయింది, ఇది రెండవది. మొదటిది రోజులలో తీరుతుంది. రెండవది ఏళ్ళు పడుతుంది. ఈ రెండింటికీ మనం కళ్ళారా చూసిన నిదర్శనాలు ఉన్నాయి.

దారి మూసుకుపోయినప్పుడు

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. మహానగరం మీదుగా నేరుగా వెళ్ళిన తుపాను అది. విద్యుత్ స్తంభాలు నేలకొరిగాయి, ఫోన్లు మూగబోయాయి, విమానాశ్రయపు పైకప్పు ఛిద్రమైంది, వీధి వీధినా పడిన చెట్లు దారులను మూసివేశాయి. మరునాటి నుండి పాల కోసం, పెట్రోలు కోసం, తాగునీటి కోసం జనం బారులు తీరారు.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. ఆవులూ గేదెలూ పాలివ్వడం మానలేదు. బండి కదలలేదు, కరెంటు లేక పాలు చల్లబరచడం కుదరలేదు, కబురు పంపడానికి ఫోను లేదు. ఇది పూర్తిగా మార్గావరోధం. చెట్లు కోసి దారి చేయగానే, తీగలు కలపగానే ఆ బాధ తీరింది. ఇటువంటి రోజులలో ఇంట్లో పసిపిల్లలు లేనివారు పాల బారులో నిలబడకుండా ఉంటే, అదే ఒక వైద్యసహాయం. భయంతో మూడింతలు కొనేవారు మూసుకున్న దారికి మరొక బండరాయి అడ్డం వేస్తున్నారన్నమాట.

అయితే అదే తుపాను కొండల మీద చేసిన నష్టం ఇంకొక తరహాది. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు ప్రాంతాలలో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పండిస్తారు. ఆ చెట్లకే మిరియాల తీగలను పాకిస్తారు. గాలికి ఆ ఎత్తైన చెట్లు కూలి కాఫీ మొక్కల మీద పడ్డాయి. నీడ పోయింది, తీగ పోయింది, కింద మొక్క నలిగింది. నగరంలో పాల ప్యాకెట్ కొద్ది రోజులలో దొరికింది కాని, నీడనిచ్చే చెట్టు మరల ఎదగడానికి ఏళ్ళు కావాలి. ఒకే తుపాను, ఒకే రోజు, రెండు రకాల రోగాలు! మొదటిదానిని పత్రికలు చూశాయి. రెండవదానిని ఎక్కువగా ఆ రైతులే చూసుకున్నారు.

మూలమే తరిగినప్పుడు

ధాతుక్షయానికి కొబ్బరిని మించిన ఉదాహరణ లేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుపాను వెయ్యి మంది దాకా పొట్టన పెట్టుకున్నది. లెక్కకు మించిన కొబ్బరి చెట్లను పడగొట్టింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపాన తీరం దాటి, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వంటి ఉద్దానం మండలాలలోని కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలను తుడిచిపెట్టినంత పని చేసింది. ఉద్దానం అంటేనే ఉద్యానవనం. అటువంటి సీమలో ఒక్క రాత్రితో ఆకాశం బోసిపోయింది.

కొబ్బరి చెట్టు శరీరధర్మాన్ని తెలుసుకుంటే ఈ నష్టం లోతు తెలుస్తుంది. మామిడి కొమ్మ విరిగితే పక్క నుండి చిగురు వేస్తుంది. కొబ్బరికి ఒక్కటే మొవ్వు. మొవ్వు దెబ్బతింటే చెట్టు మరణించినట్లే. కొన్ని చెట్లు ఆ రాత్రే పడతాయి. కొన్ని మెలితిరిగి నిలబడి, కొన్ని నెలల తరువాత తల వాలుస్తాయి. పొత్తు విచ్చుకున్నప్పటి నుండి కాయ ముదరడానికి దాదాపు 12 నెలలు పడుతుంది కావున, బతికి బయటపడిన చెట్టు సైతం ఏడాదికి పైగా సరైన కాపు ఇవ్వదు. ఇక కొత్తగా నాటిన దేశవాళీ పొడుగు రకం మొక్క కాపుకు రావడానికి 6 నుండి 8 ఏళ్ళు కావాలి. నిండు కాపుకు మరికొన్ని ఏళ్ళు.

అంతటితో ఆగదు. పడిన మొద్దులను వెంటనే తొలగించకపోతే వాటిలో కొమ్ము పురుగు పెరిగి, మిగిలిన చెట్ల మొవ్వులను తొలుస్తుంది. గాయపడిన మాను మీదికి ఎర్రముక్కు పురుగు వస్తుంది. జ్వరం తగ్గిన రోగికి బలహీనత వల్ల మరొక రోగం అంటుకున్నట్లే ఇది కూడా.

ఒక కొబ్బరి తోట మీద ఎందరు బతుకుతారో లెక్కించి చూడండి. కాయ దింపేవారు, పీచు ఒలిచేవారు, కురిడీ తయారుచేసేవారు, నూనె ఆడించేవారు, తాళ్ళు పేనేవారు, ఈనెలు చీరి చీపుళ్ళు కట్టే ఆడవారు, లారీ ఎక్కించే కూలీలు, అంబాజీపేట వంటి సంతలలో బేరం చేసే వర్తకులు. ఉద్దానంలోనైతే వీరికి తోడు పలాస, కాశీబుగ్గలలో జీడిగింజలు కొట్టి, పప్పు తీసే శ్రామికులు ఉన్నారు. వీరిలో చాలామందికి ఒక్క చెట్టు కూడా సొంతం కాదు. చెట్టు పోయినవానికి పరిహారం లెక్కలో చోటున్నది. చెట్టు ఎక్కి బతికేవానికి ఆ లెక్కలో చోటు దొరకడం కష్టం. అతడు మూటముల్లె కట్టుకొని వలసపోతాడు. ఆరేళ్ళ తరువాత మొక్క కాపుకు వచ్చినా, దింపే మనిషి ఊరిలో ఉండడు.

మన శాస్త్రంలో ధాతుపోషణను వివరించడానికి కేదారీకుల్యా న్యాయం అనే ఉపమానం వాడతారు. కాలువ నీరు ముందు దగ్గరి మడిని తడిపి, తరువాత దూరపు మడిని చేరుతుంది. నీరు తగ్గినా అంతే. మొదటి మడి ఈరోజు ఎండితే, చివరి మడి కొన్నాళ్ళకు ఎండుతుంది. ఉద్దానం మొదటి మడి. హైదరాబాదులోనో, బెంగళూరులోనో కొబ్బరినూనె కొనే గృహిణి చివరి మడి. ఆమెకు తెలిసేనాటికి అక్కడ ఎండిపోయి చాలాకాలమై ఉంటుంది.

దూరపు కొండల నుండి వచ్చే ఏలకులు

2018 ఆగస్టులో కేరళలో వచ్చిన వరదలు మన ప్రాంతానివి కావు. అయినా మన వంటింటిని, మందుపెట్టెను తాకాయి. ఆ నెల 9న ఇడుక్కి జలాశయపు చెరుతోణి గేట్లను 26 ఏళ్ళ తరువాత ఎత్తవలసి వచ్చింది. 15 నుండి 29 వరకు కొచ్చి విమానాశ్రయం మూతపడింది. నాలుగు వందల మందికి పైగా మరణించారు. మన దేశంలో పండే చిన్న ఏలకులలో అధికభాగం ఆ ఇడుక్కి కొండలలోనిదే.

ఏలకి మొక్క కాయలు కొమ్మల చివర వేలాడవు. మొక్క మొదట్లో, నేలను ఆనుకొని పాకే పూరెమ్మలకు కాస్తాయి. అందుచేత నాగా లేని వాన పడితే కాయ కుళ్ళుతుంది, దుంప కుళ్ళుతుంది. కొండచరియ విరిగిపడితే తోట తోటే కొట్టుకుపోతుంది. తిరిగి నాటితే కాపుకు రెండు మూడేళ్ళు పడుతుంది. ఆ వరదల మీద 2019 వేసవి ఎండలు తోడయ్యాయి. అంతకు ముందు కిలో వెయ్యి రూపాయల చుట్టుపక్కల ఉండే ఏలకులు, 2019 ఆగస్టులో ఇడుక్కి జిల్లా పుట్టడి వేలం కేంద్రంలో గరిష్ఠంగా కిలో 7,000 రూపాయలు పలికాయి. వరద వచ్చిన ఏడాదికి ధర శిఖరానికి చేరడం గమనార్హం. కేదారీకుల్యా న్యాయానికి ఇంతకన్నా నిదర్శనం ఏమి కావాలి?

ఆ ధర చూసి ఎందరో కొత్తగా ఏలకులు నాటారు. కాపు వచ్చేసరికి సరుకు పెరిగి, రెండు మూడేళ్ళకే ధర మళ్ళీ వెయ్యి రూపాయల దరికి దిగింది. అప్పుచేసి నాటిన రైతు ఈసారి వరద లేకుండానే మునిగాడు. వైపరీత్యపు తరంగం పోవడమే కాక, తిరిగి వస్తుందనడానికి ఇది ఉదాహరణ.

ఈ ఏలకులకూ రోగికీ ఉన్న సంబంధం చూద్దాము. దగ్గుకు, రొంపకు మనవారు వాడే సితోపలాది చూర్ణంలో అయిదు వస్తువులు. పటికబెల్లం 16 పాళ్ళు, వెదురుప్పు 8, పిప్పళ్ళు 4, ఏలకులు 2, దాల్చినచెక్క 1. మొత్తం 31 పాళ్ళు. అంటే 100 గ్రాముల చూర్ణంలో ఏలకులు సుమారు ఆరున్నర గ్రాములు. కిలో వెయ్యి రూపాయలైనప్పుడు వాటి ఖరీదు ఆరున్నర రూపాయలు. కిలో నాలుగు వేలైతే 26 రూపాయలు. తేడా కేవలం 20 రూపాయలు! నిజాయితీపరుడు ఆ 20 రూపాయలు ధరలో పెంచి, కారణం చెబుతాడు. అది చెప్పే ధైర్యం లేనివాడు ధర పెంచకుండా ఏలకులు తగ్గిస్తాడు. బజారులో మూలద్రవ్యాల ధరలన్నీ పెరిగినా చూర్ణం ధర మాత్రం పెరగలేదంటే సంతోషించకండి, సందేహించండి.

కొరత వెంట వచ్చే కల్తీ

సంచయం నుండి లోభం, లోభం నుండి అసత్యం అని చరకం చెప్పిన వరుస బజారులో కనిపించేది ఇప్పుడే. సరుకు దొరకని రోజులలోనే కల్తీ ఎక్కువ. ఇంట్లో చేసుకోదగిన కొన్ని పరీక్షలు ఇవి.

కొబ్బరినూనె: గాజు గ్లాసులో పోసి కొంతసేపు ఫ్రిజ్‌లో, మంచు గడ్డకట్టే అరలో కాకుండా, కింది అరలో ఉంచండి. కొబ్బరినూనె గడ్డకడుతుంది. వేరే నూనె కలిస్తే అది విడిగా పొరలా నిలుస్తుంది. గుంటగలగర తైలం ఇంట్లో కాచుకునేవారు ముందు నూనెను ఇలా చూసుకోవడం మంచిది.

ఏలకులు: తైలం తీసేసిన కాయలు తేలికగా, వడలి, వాసన లేకుండా ఉంటాయి. కాయ విప్పి గింజ నమిలి చూడండి. గింజ నల్లగా, జిగటగా ఉండి నోరంతా పరిమళించాలి. తడిచేతితో నలిపితే ఆకుపచ్చ రంగు అంటితే ఆ సరుకు వద్దు.

మిరియాలు: నీటిలో వేస్తే మంచి మిరియాలు మునుగుతాయి. బొప్పాయి గింజలు తేలుతాయి. తేలినవన్నీ కల్తీ అని కాదు, తాలు మిరియాలు కూడా తేలుతాయి. తేలినవాటిని విడదీసి, కొరికి చూస్తే ఘాటు చెబుతుంది.

దాల్చినచెక్క: అసలుది పలుచని కాగితాలను చుట్టినట్లు పొరలు పొరలుగా ఉంటుంది. దానికి బదులు అమ్మే కాసియా చెక్క మందంగా, గట్టిగా, ఒకే పొరగా ఉంటుంది. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ. కాలేయ వ్యాధులున్నవారు దానిని రోజూ వాడకూడదు.

పసుపు: గ్లాసు నీటిలో చెంచా పసుపు వేసి కదపకుండా ఉంచితే అడుగుకు దిగి, పైన లేతరంగు నీరు నిలవాలి. నీరంతా చిక్కని పసుపురంగుకు మారితే అనుమానించాలి. కొమ్ములు కొని దంచించుకోవడం అన్నిటికన్నా క్షేమం.

ప్రతినిధి ద్రవ్యం

"దొరకనప్పుడు ఇంకొకటి వాడితే తప్పేమిటి?" అని కొందరు వర్తకులు వాదిస్తారు. తప్పు లేదు. అయితే దానికి శాస్త్రం ఒక మర్యాదను నిర్ణయించింది. 16వ శతాబ్దానికి చెందిన భావమిశ్రుడు భావప్రకాశంలో దొరకని ద్రవ్యాలకు ప్రతినిధులను పేర్కొన్నాడు. మేద, మహామేదలకు బదులు శతావరి, కాకోలి, క్షీరకాకోలిలకు బదులు అశ్వగంధ, జీవక, ఋషభకాలకు బదులు విదారి. తేనె లేనిచోట పాత బెల్లం వాడమని మన సంప్రదాయం. కొరత అనేది నేటి సమస్య కాదని, వైద్యుడు దానికి సిద్ధపడి ఉండాలని దీనివల్ల తెలుస్తుంది.

ఇందులో నియమాలు రెండు. ప్రతినిధి ద్రవ్యం రసంలో, వీర్యంలో, విపాకంలో అసలుదానికి సమానంగా ఉండాలి. యోగంలో ప్రధానమైన ద్రవ్యానికి మాత్రం ప్రతినిధిని వాడరాదు, అప్రధానమైనవాటికే వాడాలి. వీటికి నేను చేర్చే మూడవ నియమం ఒకటున్నది: మార్చిన సంగతి రోగికి చెప్పాలి. చెప్పి మార్చితే ప్రతినిధి, చెప్పక మార్చితే కల్తీ. వెదురుప్పు పేరిట తెల్లని కృత్రిమ పొడిని నాకే అమ్మజూపినవారున్నారు. "అందరూ ఇదే వాడుతున్నారండీ" అన్నది వారి సమాధానం. అందరూ వాడినంత మాత్రాన వెదురు కణుపులో పుట్టనిది వెదురుప్పు కాబోదు.

ప్రతినిధిని ఎంచడం వైద్యుని పని. గృహస్థులు స్వయంగా చేయవద్దు. ఖరీదైన చూర్ణం దొరకని రోజున సామాన్యమైన దగ్గుకు అల్లం, తులసి, రెండు మిరియాలు వేసిన కషాయం పెద్దలకు చాలు. వారం దాటిన దగ్గు, రక్తం పడటం, ఆయాసం, జ్వరం ఉంటే కషాయంతో కాలయాపన చేయక వైద్యుని చూడాలి.

గృహస్థులు పాటించవలసినవి

ఒకటి. పొడులను దాచకండి. చూర్ణానికి రెండు నెలలు, మూలికకు ఏడాది వరకు వీర్యం ఉంటుందని శార్ఙ్గధరుడు చెప్పాడు. అయిదు డబ్బాల చూర్ణం కొని దాచినవారు చివరికి దాచుకునేది ధూళి. మూలద్రవ్యాన్ని కొద్దిగా కొని, అవసరానికి తగినంత దంచుకోండి. పిప్పళ్ళు, వాయువిడంగాలు, బెల్లం, తేనె వంటి కొన్ని మాత్రం పాతబడినవే శ్రేష్ఠమని శాస్త్రం. వాటిని తేమ తగలకుండా ఉంచుకోవచ్చు.

రెండు. తుపానులు ఎక్కువగా వచ్చే అక్టోబరు, నవంబరు మాసాలలో తీరప్రాంతం వారు రక్తపోటు, మధుమేహం, మూర్ఛ వంటి వ్యాధులకు రోజూ వాడే మందులను, అవి ఏ వైద్యవిధానానివైనా, రెండు వారాలకు సరిపడా ఉంచుకోవాలి. ఇది దాపరికం కాదు, ఆత్రేయుడు చెప్పిన సేకరణ. దారి మూసుకున్న నాలుగు రోజులు మందు ఆగితే కలిగే కీడు చాలా పెద్దది.

మూడు. వరద తరువాత నీటిని మరిగించి తాగండి. విరేచనాలకు ఉప్పు, పంచదార కలిపిన జీవజల ద్రావణం ఆలస్యం లేకుండా ఇవ్వండి. వరదనీటిలో తిరిగినవారికి జ్వరం, కండరాల నొప్పి, కళ్ళు పచ్చబడటం కనిపిస్తే అది ఎలుకల వల్ల వచ్చే జ్వరం కావచ్చు. గృహవైద్యం చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

నాలుగు. పెరట్లోనో, కుండీలలోనో తులసి, వాము ఆకు, అల్లం, పసుపు, కలబంద పెంచుకోండి. చోటుంటే అడ్డసరం, తిప్పతీగ కూడా నాటండి. గర్భవతులు అడ్డసరం వాడరాదు. తిప్పతీగను కాలేయ వ్యాధులున్నవారు అసలు వాడవద్దు, ఇతరులు కూడా వైద్యుని సలహా లేకుండా దీర్ఘకాలం వాడవద్దు. పెరటి మొక్కలు బజారును పూర్తిగా తప్పించలేవు. కాని చిన్నచిన్న అవసరాలకు మనం బజారు మీద వేసే భారాన్ని తగ్గిస్తాయి.

అయిదు. ధర పెరిగినప్పుడు "ఎక్కడి సరుకు? ఈ ఏడు ఏమైంది?" అని దుకాణదారును అడగండి. దారి మూసుకున్నదని తెలిస్తే ఓపిక పట్టండి. మూలం తరిగిందని తెలిస్తే వాడకం తగ్గించుకోండి, అయితే మానివేయకండి. పూర్తిగా మానితే, మిగిలిన నాలుగు చెట్లతో నిలదొక్కుకోవాలని చూసే రైతుకు అది రెండవ తుపాను. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వంటివి కొండ ప్రాంతాలవారి నుండి నేరుగా సేకరించి అమ్మే తేనె, చింతపండు, కాఫీ కొనడం కూడా ఆ మూలాన్ని పోషించడమే.

ధాతుక్షయానికి బృంహణమే చికిత్స. బృంహణమంటే ఒక్క పూట విందుభోజనం కాదు, నెలల తరబడి సాగే పోషణ. విపత్తు జరిగిన వారంలో మనం పంపే బియ్యం, దుప్పట్లు గొప్పవే. వాటితో మార్గావరోధపు బాధ తీరుతుంది. చెట్టు తిరిగి కాపుకు వచ్చేదాకా, ఆ ఆరేడు ఏళ్ళు, ఆ ప్రాంతపు సరుకును న్యాయమైన ధరకు కొంటూ ఉండటం రెండవ సహాయం. దానికి చందా పుస్తకం అక్కరలేదు, పచారీ చీటీ రాసేటప్పుడు కొంచెం జ్ఞాపకం ఉంటే చాలు.